కాకి వాలని కొండ మీద పక్షుల పాఠం

ఈ ప్రయాణానికి మూలం ఒక పరీక్ష పేపరు. వినుకొండలో ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పి బతికే పంతుల్ని నేను. మీ ఇంటి చుట్టుపక్కల కనిపించే ఐదు పక్షుల పేర్లు రాయండి అని ప్రశ్న ఇచ్చాను. అయిదు మార్కులు ఊరికే వస్తాయి, పిల్లలు నాకు దణ్ణం పెడతారు అనుకున్నాను. ఒకడు నాటుకోడి, ఫారంకోడి, గిరిరాజా కోడి, లేయరు కోడి, కాకి అని రాశాడు. తప్పనడానికి వీల్లేదు, మార్కులు వేశాను. మిగతా పేపర్లలో నెమలి ఉంది, హంస ఉంది, పెంగ్విన్ కూడా ఉంది. వినుకొండ ఎండలో పెంగ్విన్‌ని ఏ ఇంటి గోడ మీద చూశారో అడగలేదు. కళ్ళతో చూసి రాసిన పక్షి మాత్రం అందరికీ ఒకటే, కాకి.

వీళ్ళని నాలుగు గోడల్లోంచి బయటికి తీసుకెళ్ళి, చెట్టు కింద కూర్చోబెట్టి, పక్షి అంటే ఏమిటో చూపించాలని పట్టుదల వచ్చింది. హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచివాడు, కానీ ఫోను మోగితే ఉలిక్కిపడే మనిషి.

"తీసకపోండి సారూ, నేను కాదంటానా. కానీ ఒక్క కంప్లైంటు వచ్చిందా, ఇదే మొదలు, ఇదే ఆఖరు" అన్నారు.

తల్లిదండ్రుల్ని పిలిచి మాట్లాడాం. నల్లమల వైపు అడవి అన్నాను. పాములుంటాయన్నారు. చెరువు గట్టు అన్నాను. నీళ్ళుంటాయన్నారు. చెరువులో నీళ్ళే ఉంటాయి కదా అని నేను వాదించబోతుంటే వెనక బెంచీ నుంచి ఎవరో "కోటప్పకొండ అయితే?" అన్నారు. అన్ని చేతులూ ఒక్కసారి లేచాయి. ఇద్దరు అక్కడికక్కడే కొబ్బరికాయల సంగతి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కార్తీకం అయిపోయాక వనభోజనాలేమిటని ఒకావిడ అడిగితే, సైన్సు కాబట్టి పరవాలేదని ఇంకొకావిడ సర్దిచెప్పింది.

సంతోషంగా స్కూటరెక్కి సగం దూరం వచ్చాక గుర్తొచ్చింది. కోటప్పకొండ మీద కాకి వాలదు! పల్నాట్లో పుట్టిన ప్రతి బిడ్డకీ ఈ కథ తెలుసు. స్వామికి అభిషేకం కోసం గొల్లభామ మోసుకొచ్చిన కుండ మీద కాకి వాలి ఒలకబోసిందట. ఆ తల్లి కడుపు మండి, ఈ కొండ మీద మీ జాతి వాలకూడదని శపించిందట. అంటే, కాకి తప్ప వేరే పక్షి తెలియని పిల్లల్ని, జిల్లా మొత్తంలో కాకి లేదని పేరుపడ్డ ఒకే ఒక్క కొండకి నేను తీసుకెళుతున్నాను. ఇంత తెలివి పంతుళ్ళకి తప్ప ఇంకెవరికి ఉంటుంది?

డిసెంబరులో ఒక శనివారం, తెల్లవారేసరికి అందరం వినుకొండ స్టేషన్లో ఉన్నాం. పిల్లల కంటే కాపలాకి వచ్చిన పెద్దవాళ్ళ సంచులే ఎక్కువ ఉన్నాయి. ఒకావిడ స్టీలు డబ్బా నిండా పులిహోర తెచ్చింది. ఆ రోజంతా ఆవిడ అసలు పేరు ఎవరికీ అవసరం పడలేదు, పులిహోర ఆంటీ అనే పిలిచాం. మెకానిక్ ఖాదర్ భాయ్ కూతురి కోసం వచ్చి, పిల్లలందరి తలలూ లెక్కపెట్టే పని తనంతట తాను మీదేసుకున్నాడు. ఆఖరుకి శ్రావణి వచ్చింది, వాళ్ళ నాయనమ్మ అంకమ్మ చెయ్యి పట్టుకుని. నిజానికి పట్టుకున్నది నాయనమ్మే. శ్రావణి క్లాసులో ఏదడిగినా వెంటనే చెప్పదు. కాసేపు చూసి, ఇంకాసేపు ఆలోచించి చెబుతుంది. ఈలోగా పక్కవాడు తప్పు జవాబు చెప్పి కూర్చుంటాడు.

"ఈ పిల్లకి దిక్కులు చూసే జబ్బుంది సారూ. బండలెక్కేటప్పుడు కింద చూడదు. అందుకే వస్తన్నా" అంది అంకమ్మ.

పాసింజరు రైలు కాస్త ఆలస్యంగా వచ్చింది. పాసింజరు అంటే అంతే కదా. టికెట్టు ఖరీదు చూస్తే మాత్రం ఆలస్యం క్షమించాలనిపిస్తుంది. మా ఎదురుగా పత్తి వ్యాపారం చేసే పెద్దాయన కూర్చున్నాడు.

"ఏం సారూ, పెళ్ళికా ఇంతమంది?"

"పక్షుల్ని చూడ్డానికండీ."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. కరెంటు తీగ మీద పాలపిట్ట ఒకటి నీలంగా కూర్చుని ఉంది. "దానికి టికెట్టు కొనాల్నా?" అన్నాడు. పిల్లలకి ఆ పాలపిట్టని చూపిద్దామని తిరిగేలోపు రైలు దాటిపోయింది. శ్రావణి మాత్రం మెడ వెనక్కి తిప్పి ఇంకా చూస్తోంది.

నరసరావుపేటలో దిగి స్టేషను బయట ఇడ్లీ తిన్నాం. ఈ దారిన వచ్చేవాళ్ళకి ఒక సలహా, ఇడ్లీ ఇక్కడే తినండి, కొండ మీద కోతులు తిననివ్వవు. ఆటోల్లో బస్టాండుకి చేరి తొమ్మిది దాటాక కోటప్పకొండ బస్సెక్కాం. ఊరు దాటగానే మూడు శిఖరాలూ కనిపిస్తాయి. ఎటునుంచి చూసినా మూడూ కనిపిస్తాయని అంటారు. కండక్టరు టికెట్లు కొడుతూ, "పక్షులా? అక్కడ కోతులు చానా ఉంటయి సార్, కర్ర తెచ్చుకున్నారా?" అని అడిగాడు. నేను పక్షుల్ని గుర్తుపట్టే యాప్ ఫోనులో వేసుకొచ్చాను. కర్ర తేలేదు.

ఘాటు రోడ్డు మీద బస్సు పైదాకా వెళుతుంది. కానీ నడిస్తేనే చూడగలం అని నేను పట్టుబట్టి అందర్నీ మెట్ల దారి పట్టించాను. పెద్దవాళ్ళు నన్ను మనసులో ఏమనుకున్నారో వాళ్ళ ఆయాసం చెప్పింది. సగం ఎక్కాక ఒక మలుపులో పెద్ద బండలు, వేపచెట్ల నీడ ఉన్నాయి. పదకొండు కావస్తోంది. ఇక్కడే నా పాఠం.

"పది నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు. కదలొద్దు. చెవులతో విని, కళ్ళతో చూడండి. ఏం కనిపించిందో తర్వాత చెప్పండి" అన్నాను.

మొదటి నిమిషంలో ఒకడు తుమ్మాడు. రెండో నిమిషంలో అందరూ నవ్వారు. మూడో నిమిషంలో డబ్బా మూత చప్పుడైంది. "పిల్లలు నీరసంగా ఉండారు, తలా కాస్త పెడతా" అంది పులిహోర ఆంటీ. ఆ వాసనకి కొండ మీద కోతులన్నీ పాఠానికి హాజరయ్యాయి. ఖాదర్ భాయ్ చెప్పు చేతబట్టి వాటి వెంటపడ్డాడు. ఎదుటి కొమ్మ మీద వాలిన ఒకే ఒక్క పిట్టని నేను ఫోటో తీసి యాప్‌లో పెట్టాను. సిగ్నల్ లేదు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది, నేను దాన్నే చూస్తూ ఉన్నాను. అది మామూలు పికిలిపిట్ట అని తెలుసుకోవడానికి తలెత్తి చూస్తే సరిపోయేది.

అప్పుడే వినిపించింది.

"సార్, కాకి."

శ్రావణి గొంతు. బండ మీద నిలబడి ఆకాశంలోకి వేలు చూపిస్తోంది. నేను తలెత్తేసరికి అక్కడ ఏమీ లేదు.

"పోయింది సార్. ఈ బండల మీదగా అటు పోయింది."

తుమ్ముతో మొదలైన అల్లరి ఆ ఒక్క మాటతో ఆగిపోయింది. పులిహోర ఆంటీ గరిటె డబ్బాలో వదిలేసి లెంపలేసుకుంది. "ఏమే, ఏం మాటలయ్యి? స్వామి కొండ మీద నిలబడి కాకంటావా? తప్పని చెప్పి దణ్ణం పెట్టుకో!" అంది. పిల్లలు "అబద్ధాలకోరు" అని అరిచారు. ఎవరన్నా చూశారా అని నేను అడిగితే అందరూ పులిహోర వైపే చూస్తున్నారని తేలింది. ఖాదర్ భాయ్ రెండు చేతులూ ఎత్తేశాడు. "ఈ పంచాయితీలో నన్ను కలపబాకండి సారూ. నేను కోతుల మీదున్నా."

అంకమ్మ మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. కొంగు తలమీదికి లాక్కుని మెట్ల వైపు చూస్తూ కూర్చుంది. మనవరాలి మీద కోపం అనుకున్నాను.

పైకి వెళ్ళి దర్శనం చేసుకుని బయటికి వచ్చేసరికి నా ఫోనులో సిగ్నల్ వచ్చింది. దాంతోపాటు లైన్లోకి హెడ్మాస్టరు గారూ వచ్చారు. కొండ మీద కాకులు లేకపోవచ్చు గానీ, లోకులు పలుగాకులన్న సామెత అక్కడా చెల్లింది. పులిహోర ఆంటీ తల్లిదండ్రుల గ్రూపులో ఒక ముక్క పెట్టిందట. అది వినుకొండ చేరేసరికి గోరంత కొండంత అయింది.

"ఏంది సారూ, కోటప్పకొండ మీద కాకులున్నయ్యని పిల్లలకి పాఠం చెప్తన్నారంట?"

"నేను చెప్పలేదు సార్. ఒక పిల్ల చూశానంది."

"చూళ్ళేదనిపించండి. ఒక్క మాటతో పోయేదానికి నా మెడకెందుకు చుడతారు? నేను ముందే చెప్పా, ఇదే ఆఖరవుద్ది."

ఫోను పెట్టేశాక గోడ పక్కన కూర్చున్న శ్రావణి దగ్గరికి వెళ్ళాను. మిగతా పిల్లలు దాన్ని వదిలేసి దూరంగా ఆడుకుంటున్నారు. నేను చాలా నేర్పుగా మొదలుపెట్టాను. దూరంగా ఎగిరేవన్నీ నల్లగానే కనిపిస్తాయన్నాను. ఎండలో కళ్ళు మోసం చేస్తాయన్నాను. అది అంతా విని, ఎప్పటిలాగే కాసేపు ఆలోచించింది.

"చూళ్ళేదని చెప్పమంటారా సార్? అప్పుడు మళ్ళీ టూర్లు ఉంటయ్యా?"

నేను చేతిలోని ఫోను వైపు చూశాను.

"అయితే చెప్తా. కానీ చూశా సార్."

నాకు సిగ్గేసింది. కళ్ళు తెరిచి చూడమని ఊరు దాటించి తీసుకొచ్చింది నేను. చూసిన ఒక్క పిల్లని చూడలేదని చెప్పించబోతున్నదీ నేనే. "వద్దమ్మా. చూశావు కదా, అట్లాగే ఉండనీ" అన్నాను. ధైర్యంగానే అన్నాను గానీ, ఇక ఈ పిల్లలకి ఇదే ఆఖరి ప్రయాణమని లోపల దిగులు పట్టుకుంది.

భోజనాలయ్యాక కూడా గొడవ చల్లారలేదు. అప్పుడు ఖాదర్ భాయ్ పళ్ళు కుట్టుకుంటూ అన్నాడు, "కాకి సంగతి నాకొద్దు గానీ, మా షెడ్డుకి బండి తెచ్చి చప్పుడొస్తందంటారు. రావట్లేదని నేనన్ను. నిజంగా ఉంటే మళ్ళీ వచ్చుద్దిగా అని నడిపి చూస్తా. ఇందాకటి బండల కాడ కూకొని చూస్తే పోలా?"

"చూద్దాం! రాదని నేను చూపిస్తా" అంది పులిహోర ఆంటీ.

అలా మళ్ళీ ఆ మలుపు దగ్గరికి దిగి, అందరం బండల మీద వరసగా కూర్చున్నాం. కాకి రాదని నిరూపించడానికి సగం మంది, వస్తుందేమోనని సగం మంది. ఎవరూ మాట్లాడలేదు. ఎవరైనా గొణిగితే ఆంటీయే "ష్!" అంది. పొద్దున నేను బతిమాలినా దొరకని మౌనం మధ్యాహ్నం ఉచితంగా దొరికింది. కోతులు కూడా మమ్మల్ని చూసి అనుమానంగా దూరం జరిగాయి.

కాకిని వెతికే కళ్ళకి మిగతావన్నీ కనిపించడం మొదలైంది. "అదేంది, ఆకుపచ్చగా?" అని ఒకడు గుసగుసగా అడిగాడు. గాల్లోకి లేచి పురుగుని పట్టి, మళ్ళీ అదే పుల్ల మీదికి వచ్చే పసిరిక పిట్ట. ఎత్తున గద్ద రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతోంది. చిలకలు గోల చేస్తూ లోయ దాటాయి. కింద ఎక్కడో నెమలి అరిచింది. కోళ్ళ పండితుడు, అంటే నాలుగు రకాల కోళ్ళు రాసినవాడు, నా చొక్కా పట్టుకుని ఒక్కోదాని పేరూ అడిగాడు. నాకు తెలిసినవి చెప్పాను, తెలియనివి తెలియవన్నాను. యాప్ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, నాతో సహా.

ఉన్నట్టుండి నల్లని పిట్ట ఒకటి వచ్చి ఎండుకొమ్మ మీద వాలింది. ఆంటీ గుండె మీద చెయ్యి వేసుకుంది. అది తోక ఆడించింది. చేప తోకలా రెండుగా చీలిన పొడుగాటి తోక.

"కాకి కాదు, ఏట్రింత పిట్ట!" అన్నాను నేను.

"చూశారా! ఇదే ఆ పిల్ల చూసింది" అంది ఆంటీ, కొండంత బరువు దించుకున్నట్టు.

అందరూ శ్రావణి వైపు తిరిగారు. ఊ అంటే అయిపోయేది. నేను కూడా అనేస్తే బాగుండునని ఒక్క క్షణం ఆశపడ్డాను.

"ఇది కాదు" అంది శ్రావణి. "ఇది చిన్నది. దీని తోక చీలింది. దాని తోక చీల్లా. మెడ కాడ బూడిద రంగుంది."

అది కాకి మెడే. ఇంత వివరంగా మా పరీక్ష పేపర్లో ఎవరూ రాయలేదు. కానీ కాకి మాత్రం మళ్ళీ రాలేదు. బస్సు వేళవుతోందని ఖాదర్ భాయ్ తలలు లెక్కపెట్టాడు.

నరసరావుపేటలో సాయంత్రం పాసింజరెక్కాం. ఎడమ చేతి కిటికీల్లోంచి కొండ కనిపిస్తూనే ఉంది. పిల్లలు కరెంటు తీగల మీద ఏది కనిపించినా అరుస్తున్నారు. శ్రావణి ఒక మూల కూర్చుంది. ఎవరూ దాని పక్కన కూర్చోలేదు. పులిహోర ఆంటీ నాకు వినపడేలా, "సోమవారం హెడ్మాస్టరుతో మాట్లాడాల. అబద్ధాలు నేర్పే టూర్లు మాకొద్దు" అంది. రైలు సంతమాగులూరు స్టేషను దాటింది. కొండ చెట్ల వెనక్కి వెళ్ళి కనిపించకుండా పోయింది.

అంకమ్మ తల మీది కొంగు తీసింది. పొద్దుటినుంచి మూసుకున్న నోరు అప్పుడు తెరిచింది.

"వాలిందంటే అబద్ధం. అది వాలలా. ఎగురుతా పోయింది."

పెట్టెలో తలలన్నీ ఆవిడ వైపు తిరిగాయి.

"అంటే నువ్వూ చూశావా అవ్వా?" అన్నాను.

"నాకు మాత్రం కళ్ళు లేవా?"

"మరి అక్కడ చెప్పలేదేం? పిల్లని అందరూ తలా ఒక మాట అన్నారే!"

"కొండ మీద నిలబడి ఆ మాట ఎట్టా అంటాం సారూ? గొల్లభామ తల్లి ఇనదా? కొండ కనపడకుండా పోయిందాకా ఆగా." మనవరాలి వైపు తిరిగింది. "చూసింది చెప్పటం తప్పు గాదే. చెప్పే చోటు చూసుకోవాల. సరే, నువ్వు చెప్పు. దాని కాలు బండకి గానీ కొమ్మకి గానీ ఆనిందా?"

శ్రావణి కాసేపు ఆలోచించింది. "ఆన్లా. రెక్కలాడిస్తానే పోయింది."

"ఇన్నారుగా" అంది అంకమ్మ అందరితో. "వాలొద్దంది తల్లి. పైనించి పోవద్దన్లా. ఆకాశం ఆమెది గాదుగా."

పులిహోర ఆంటీ శ్రావణి వైపు తిరిగింది. ఆవిడ మొహంలో మబ్బు విడిపోవడం నేను చూశాను. "నిజమే పిన్నీ. వాలలా కదా" అంది. డబ్బా అడుగున మిగిలిన పులిహోర గీకి ముందు శ్రావణి చేతిలో పెట్టింది. కోళ్ళ పండితుడు వచ్చి దాని పక్కన కూర్చుని, ఎగిరేటప్పుడు కాకి కాళ్ళు ఎట్లా ముడుస్తుందని అడిగాడు. శ్రావణి నవ్వింది. దాని నవ్వు నేను క్లాసులో ఎప్పుడూ చూడలేదు. నాకు కళ్ళు చెమర్చాయి, ఇంజను పొగ అందామంటే అది కరెంటు ఇంజను.

వినుకొండ స్టేషన్లో హెడ్మాస్టరు గారు నిలబడి ఉన్నారు. నేను నోరు తెరిచేలోపు అంకమ్మ ఆయన ముందు నిలబడింది.

"ఏమయ్యా, మళ్ళీ ఎప్పుడు తీసకపోతారు?"

"ఎక్కడికి అవ్వా?"

"కొండకే. పోయేది చూశాం. వాలిద్దో వాలదో ఇంకా తేలలా."

ఆయన నా వైపు చూశారు, ఆంటీ వైపు చూశారు. ఆంటీ కూడా తల ఊపి, "ఈసారి పొద్దున్నే పోవాల సార్. పులిహోర తర్వాత పెడతా" అంది. హెడ్మాస్టరు గారు జేబులో ఫోను తడుముకున్నారు. అది మోగలేదు.

ఏ అడవికీ తీసుకెళ్ళకుండా, ఏ పాఠమూ సరిగ్గా చెప్పకుండా తిరిగొచ్చిన నాకు, ఆ రోజు నా వెంట వచ్చినవాళ్ళంతా తలెత్తి చూడడం నేర్చుకున్నారన్న తృప్తి మిగిలింది. మీరూ వెళ్ళండి. కర్ర తీసుకెళ్ళండి, ఫోను జేబులో ఉంచండి, ఆ మలుపులో బండల మీద కాసేపు నోరు మూసుకుని కూర్చోండి. ఏమి కనిపించినా కళ్ళారా చూడండి. కాకి కనిపిస్తే మాత్రం, అంకమ్మ చెప్పినట్టు, సంతమాగులూరు దాటాక చెప్పండి.